గుంతలో పడుకునే వేషం

మా మేనల్లుడు చచ్చిపోయాడని కెమెరా సాయిబు ఫోన్ చేసినప్పుడు నేను గొర్రెలకు నీళ్లు పెడుతున్నాను. బెంగళూరులో వాడు అద్దెకుండే గది తలుపు పగలగొట్టి చూశారట. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. ఎదుట తాను తీస్తున్న సినిమా ఆడుతూనే ఉందట. గుండె అన్నారు డాక్టర్లు. సాయిబు చెప్పలేక ఏడుస్తున్నాడు. "ఏడ్చేది నిదానంగా ఏడుద్దువుగానీ, ముందు శవాన్ని ఊరికి ఎత్తుకొని రాప్పా" అన్నాను.

శవం ఊరు చేరకముందే ఓబన్న మా వాకిట్లోకి వచ్చాడు. ఓబన్న మా ఊరి పెద్ద. నా ఈడువాడు. నా చేనూ వాడి చేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి.

"పాపం, మంచోడప్పా. యాడ పెడ్తావు?"

"నా చేన్లో. వాళ్లమ్మ గుంతలో."

"పూడుస్తావా?"

"పూడ్చక ఊరగాయ పెడ్తారా?"

"ఎగతాళి కాదప్పా. పూడ్చొద్దు. కాల్చెయ్. కట్టెలు ఊరోళ్లే తెస్తారు, నువ్వు పుల్ల గూడా ఎత్తే పనిల్యా."

ఇది చదివేవాళ్లలో మా దిక్కు తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. ఒంటి మీద తొన్ను, అంటే తెల్లమచ్చలు, ఉన్న మనిషిని పూడిస్తే ఆ పొలిమేరలో వాన పడదని ఇక్కడివాళ్ల నమ్మకం. పూడ్చిన మనిషిని తవ్వితీసి కాల్చేదాకా మబ్బు ఈ పక్కకు చూడదంటారు. అది తోలు రంగు పోవడమేననీ, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదనీ డాక్టర్లు మనుషులకు చెప్పారు. మబ్బులకు ఎవరూ చెప్పినట్టు లేదు. మా మేనల్లుడికి ఆ మచ్చలున్నాయి. వాళ్లమ్మకు, అంటే నా చెల్లెలికి, ఉండేవి.

వాడు నన్ను కోరింది ఒకటే. "నన్ను కాల్చొద్దు మామా. మా యమ్మ గుంతలోనే పెట్టు. ఆయమ్మను ఉండనియ్యలేదు. నన్నన్నా ఉండనీ." ఈ మాట వాడు గడప మీద కూర్చొని పచ్చి శనక్కాయలు ఒలుచుకుంటూ అన్నాడు. పెద్ద మాటలు చెప్పేటప్పుడు వాడి చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒక చిన్న పని ఉండేది.

వాడు పోయినాక పేపర్లలో రాశారు. వాడితో ఫోటోలు దిగినవాళ్లు రాశారు. వాడు గొప్ప దర్శకుడనీ, తన సినిమాల్లో తానే వేషం కట్టేవాడనీ రాశారు. మంచిదే. నేను చదివింది మూడో తరగతి. నేను రాస్తే అక్షరాలు గొర్రెల మందలాగా తలోదిక్కూ పోతాయి. అయినా రాసిన వాళ్లలో ఒక్కడు కూడా వాడి గుంతలో మన్ను ఎత్తలేదు. ఎత్తినవాణ్ని నేను. నా మాట కూడా ఒకటి ఉండాలి.

నా చెల్లెలి మెడ మీద మొదటి మచ్చ కనిపించిన ఏడాదే దాని మొగుడు దాన్నీ, చంకలో బిడ్డనూ మా ఇంటి ముందర దింపేసి, ఎద్దులబండి తిప్పుకొని పోయాడు. నీళ్లు కూడా తాగలేదు. అప్పటినుంచి అది మా ఇంట్లోనే ఉంది, మా ఇంట్లోనే చచ్చిపోయింది. మా చేని గట్టు కింద పూడ్చాను. ఆ మరుసటేడు వానలు ముఖం చాటేశాయి. నేను మేత వెతుక్కుంటూ గొర్రెలను తోలుకొని కాలవ కింది ఊళ్లకు పోయాను. కరువు వస్తే మా గొర్రెలవాళ్లందరం అంతే, మందతో పోతాం, వానలు పడితే వస్తాం. నేను తిరిగొచ్చేసరికి గుంత నోరు తెరుచుకొని ఉంది. పక్కన నల్లటి బూడిద.

పిల్లవాణ్ని అడిగాను. "ఏం జరిగిందిరా?"

వాడు నా మొఖంలోకి చూసి, "వాన పడింది మామా" అన్నాడు.

నిజమే. పడింది. నేను నడిచొచ్చిన దారంతా బురదే. ఊళ్లో ఎవరి మొఖంలోనూ తప్పు చేసిన జాడ లేదు. చేలో వేరుశనగ విత్తనం మొలకెత్తుతూ ఉంటే తప్పు ఎవరికి గుర్తుంటుంది? ఓబన్న నాకు ఎదురొచ్చి, "నీ చేను గూడా తడిసిందప్పా" అన్నాడు, ఏదో ఉపకారం చేసినవాడిలాగా.

పిల్లవాడు ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. పెద్దయ్యాడు. వాడి మెడ మీద కూడా మచ్చ దిగింది. ఆ ఏడే కంబదూరులో బస్సెక్కి, హైదరాబాదు పోయి సినిమాల్లో చేరాడు. వాడి మొదటి వేషం శవం. రెండోదీ శవమే. ఊపిరి బిగబట్టడంలో వాణ్ని మించినవాడు లేడని అక్కడ పేరొచ్చిందట. కళ్యాణదుర్గం హాల్లో ఒక సినిమా ఆడుతుంటే, అందులో మావాడున్నాడని తెలిసి నేను పోయాను. హీరో ఎవరెవరినో చంపుకుంటూ వచ్చాడు. నేలమీద పడున్నవాళ్లలో మావాడి కాళ్లు గుర్తుపట్టాను. నా వెనకాల కూర్చున్నవాడు "చూడప్పా, ఆ శవం చెయ్యి కదిలింది" అని పగలబడి నవ్వాడు. హాలంతా నవ్వింది.

ఆ తర్వాత వాడు ఊరికి వచ్చినప్పుడు అడిగాను. "చచ్చినోడు చెయ్యి ఎట్ల కదిలించినావురా?"

"చీమ కుట్టింది మామా."

"మాటలుండే వేషం ఇయ్యరా నీకు?"

"బతికినోని వేషానికి మొఖం కావాల. శవానికి మచ్చలుంటే పౌడరు పూస్తారు."

మచ్చ పెదవి మీదికీ, కంటి చుట్టూరానూ వచ్చింది. పౌడరు కూడా నిలవలేదు. అప్పుడొక కంపెనీవాడు పిలిచి, కుష్టురోగి వేషం ఉంది, నీకైతే మేకప్ అక్కర్లేదు అన్నాడట. వాడు ఆ వేషం కట్టాడు. మధ్యాహ్నం అందరికీ బల్లల మీద భోజనాలు పెట్టి, వీడికి మాత్రం విస్తరి చెట్టు కింద పెట్టారట. వేషం తీసేసినా మచ్చలు పోలేదు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు అని నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. "తోలు పోయింది. ఇప్పుడు పని గూడా పోయింది. గొర్రెలు కాస్తావా?" అన్నాను. "కాస్తా మామా. నువ్వు నా సినిమాలో కాస్తే నేను నీ మందలో కాస్తా" అన్నాడు.

అట్లా వచ్చాడు వాడు మళ్లీ ఊరికి, చేతిలో నల్ల గొడుగుతో. ఆ గొడుగు లేకుండా వాణ్ని ఎవరూ చూసి ఎరుగరు. ఊరు దాన్ని చూసి ఎన్నేళ్లు నవ్వుకుందో.

"ఏమప్పా, వానెప్పుడొస్తాదో మాకన్నా ముందే తెలిసినట్లుండాదే?" అని ఓబన్న రచ్చకట్ట మీద కూర్చొని కేకేసేవాడు.

"వానకు కాదన్నా, ఎండకు. తెల్లతోలు కాల్తాది."

"మా నల్లతోలు కాలదా? మమ్మల్నేం ఇనుముతో చేసినారా?"

గొడుగుతోపాటు ఒక స్టీలు గ్లాసు కూడా సంచిలో ఉండేది. చిన్నప్పుడు ఊళ్లో ఎవరూ వాళ్ల గ్లాసుల్లో వాడికి నీళ్లిచ్చేవాళ్లు కాదు. పేరొచ్చినాక టీ కొట్టువాడు గాజుగ్లాసు తోమి మరీ ఇచ్చాడు. వాడు తన గ్లాసే ముందుకు చాపాడు. "నాది అలవాటైపోయిందన్నా, నీదాంట్లో తాగితే టీ రుచి తెలీదు" అన్నాడు. కొట్టువాడి మొఖం చూడాలి.

మడకశిరలో పెళ్లిళ్లకు వీడియోలు తీసే సాయిబు ఒకడిని వెంటబెట్టుకొచ్చాడు. పెళ్లికూతురు తప్ప ఇంకేమీ తీసి ఎరుగని మనిషి. వాడే ఈ కెమెరా సాయిబు. ఇద్దరూ కలిసి చెల్లెలి కథ సినిమా తీస్తామన్నారు. అందులో వేషాలు ఎవరికంటే, ఆరోజు తవ్వినవాళ్లకే.

ఊరు ఎదురుతిరుగుతుందనుకున్నాను. ఊరు నీళ్లు పోసుకొని తయారైంది. క్షవరాలు చేయించుకున్నారు, పెట్టెల్లోంచి కొత్తచొక్కాలు తీశారు. ఓబన్న మీసాలకు రంగేసుకొని వచ్చాడు.

"మేం ఏం చేయాలప్పా?"

"ఆ పొద్దు చేసిందే చేయాల."

"అంతేనా? డ్యాన్సులు ల్యావా?"

"ల్యావన్నా. పోయి పాత తువ్వాల కట్టుకొని రా. ఎర్రంచుది. ఆ పొద్దు తలకు అదే చుట్టుకొంటివి. ఆ మీసం రంగు కడుక్కో."

ఓబన్న వాణ్ని ఎగాదిగా చూశాడు. "నా తువ్వాల నీకెట్ల తెలుసు?"

"ఆ చింతచెట్టు మీదుంటి."

అప్పుడు తెలిసింది నాకు. అన్నేళ్లు వాడు నాతో ఒక్క ముక్క అనలేదు. ఒక్కొక్కణ్ని చెయ్యి పట్టుకొని తీసుకుపోయి, నువ్వు ఈడ నిలబడ్నావు, నువ్వు ఆ బండ మీద కూకొని బీడీ తాగుతాంటివి, మీ యమ్మ ఆ తంగేడు చెట్టు కాడ ముక్కు మూసుకొనింది అని చెబుతుంటే, అందరూ "అవునప్పా, అవునప్పా, ఎంత గుర్తు!" అని మెచ్చుకుంటూ వాళ్ల చోట్లలో నిలబడ్డారు. పెళ్లిలో వడ్డనకు నిలబడినట్టు.

గుంతలో పడుకునే వేషం కట్టడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. బతికుండగా గుంతలోకి దిగితే ఆయుస్సు తగ్గుతుందట. వాడు, "అది నాదేలే. మొదటినుంచీ నాకొచ్చిన వేషం అదొక్కటే" అన్నాడు. నా చెల్లెలి నూలు చీర ఒకటి పెట్టెలో ఉంటే, అప్పటికి బతికి ఉన్న నా పెండ్లాము తీసి వాడికి కట్టింది. చీరలో వాడు అచ్చం నా చెల్లెలే. మచ్చలు కూడా ఎక్కడివక్కడే.

గుంతలో పడుకొని, కళ్లు మూసుకొని, లోపలినుంచే అరిచేవాడు, "యాక్షన్" అని. మన్ను తోసేవాళ్లు. ఎత్తేవాళ్లు. "కట్" అని కూడా లోపలినుంచే. ఓబన్న వాణ్ని చంకల కింద చెయ్యేసి, పసిబిడ్డను తీసినట్టు తీశాడు.

"అన్నా, నన్ను సుకుమారంగా ఎత్తుతాండావు. ఆ పొద్దు కాళ్లు పట్టి ఈడ్చినావు."

"అప్పుడు చచ్చిపోయిండె గదప్పా మీ యమ్మ."

"ఇప్పుడూ చచ్చినట్లే అనుకో. మల్లా."

ఓబన్న ఈడ్చాడు. "మల్లా" అన్నాడు వాడు. మళ్లీ ఈడ్చాడు. వీపు తోలు లేచి చీర తడిసింది. "మల్లా" అన్నాడు. ఓబన్నకు చెమటలు పట్టాయి. "ఎన్నిసార్లప్పా?" అంటే, "నీకు గుర్తొచ్చేదాకా" అన్నాడు. ఓబన్నకు ఏం గుర్తురావాలో నాకు తెలియదు. ఏమీ రాలేదని మాత్రం తెలుసు. చివరికి గడ్డితో బొమ్మ చేసి, అట్లాంటిదే ఇంకొక చీర చుట్టి కాల్చారు.

నేను గట్టుమీద నిలబడి అంతా చూశాను. ఒక అన్న చూడాల్సినదా అది అని సాయిబు తర్వాత అడిగాడు. చూడాల్సిందే. నా చెల్లెలికి ఏం జరిగిందో ఊరంతటికీ తెలుసు, నాకొక్కడికే తెలియదు. నాకు వాడే చూపించాడు. ఆ రుణం నేను తీర్చలేను, తీరుస్తానని చెప్పను కూడా.

నాకూ ఒక వేషం ఉంది. గొర్రెలతో తిరిగొచ్చి, తెరిచిన గుంతను చూడటం. "ఏడవాల్నా?" అని అడిగాను.

"నటించొద్దు మామా. నువ్వు నటిస్తే దొంగలాగుంటావు. ఆ పొద్దు ముందు ఏం చేసినావు?"

"గొర్రెలకు నీళ్లు పెట్టినా. దప్పికమీదుండె."

"అదే చెయ్."

పెట్టాను. సినిమాలో నేను గొర్రెలకు నీళ్లు పెట్టడం చాలాసేపు ఉంటుంది. ఎక్కడో దేశాల్లో దాన్నే పొగిడారట. గొర్రెలకు నీళ్లు పెట్టడంలో పొగడటానికి ఏముందో నాకు తెలియదు. వాడికి తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. బొమ్మను కాల్చిన సాయంత్రం వాన పడింది.

అదేమీ ఒక తుంపర కాదు. వాగులూ వంకలూ పారాయి. సాయిబు కెమెరాను చొక్కాలో చుట్టి పరుగెత్తాడు. ఓబన్న వానలో నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "షూటింగ్ పలికిందప్పా! షూటింగ్ పలికింది!" అని గంతులేశాడు. మా మేనల్లుడు చీరలోనే తడుస్తూ, గొడుగు చంకలో ఉన్నా తెరవకుండా, నోరు తెరుచుకొని చూస్తూ నిలబడిపోయాడు. వాళ్లమ్మను కాల్చినప్పుడు కూడా ఇట్లాగే పడింది కదా. మబ్బు కూడా ఊరివాళ్ల పక్కే.

సినిమా తయారైనాక బడి గోడకు తెల్లగుడ్డ కట్టి ఊరికి చూపించాడు. అది చూసి ఊరు తలదించుకుంటుందని వాడి ఆశ. ఆ ఒక్క ఆశతోనే తీశాడు సినిమాను. గుడ్డమీద తమ మొఖాలు కనబడగానే ఊరు ఈలలు వేసింది. "అదిగో మా నాయన!" "ఓబన్నా, నీ పార పట్టేది చూడు, హీరో మాదిరుండావు!" "యో, ఆ బీడీ తాగేది నేనే!" శవాన్ని ఈడ్చేచోట చప్పట్లు కొట్టారు. అందరికంటే వెనకాల, గొడుగు ముడుచుకొని కూర్చొని, వాడు నా చెవిలో అన్నాడు:

"సిగ్గుపడ్తారనుకొంటి మామా. సంబరపడ్తాండారు."

"సిగ్గుండేటోళ్లయితే అప్పుడే తవ్వకపోదురు" అన్నాను. ఆ రోజు వాడికి కావలసింది ఆ మాట కాదు. కానీ నాకు వచ్చిన మాట అదే.

మరుసటేడు వానలు వెనకబడ్డాయి. ఊరు మనిషిని పంపింది. షూటింగ్ చేయమని.

చదివేవాళ్లు నవ్వుకుంటారేమో. పక్క ఊళ్లలో వాన కోసం కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పుతారు, గాడిదలకు పెళ్లి చేస్తారు. మా ఊళ్లో షూటింగ్ చేస్తారు. గుంతకు పూజ చేసి, కెమెరాకు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టారు. సాయిబు లెన్సు మీది కుంకుమ తుడవబోతే ఆడవాళ్లు అరిచారు. రాప్తాడు దాకా తెలిసిపోయి జనం ట్రాక్టర్లలో వచ్చి చూశారు. ఏ ఊరు తలదించుకోవాలని వాడు ఆ వేషం కట్టాడో, ఆ ఊరే వాణ్ని ఆ వేషానికి పూజారిని చేసింది.

వాడు ఒప్పుకోడనుకున్నాను. ఒప్పుకున్నాడు. అందుకొక షరతు పెట్టాడు. "పడుకొంటా. కానీ నేను పడుకొనే ముందు, ప్రతిసారీ ఒక ఇంటోళ్లు కెమెరా ముందర నిలబడి, ఆ పొద్దు మీరేం చేసినారో చెప్పాల. తవ్వింది, ఈడ్చింది, కాల్చింది. ఏదీ వదలగూడదు."

చెప్పారు. ఏ పోలీసుకూ చెప్పనిది, ఏ దేవుడికీ చెప్పుకోనిది, వాన కోసం చెప్పారు. గడగడా చెప్పారు. ఒకామె చెబుతూ చెబుతూ, నా చెల్లెలి కాలి వెండిమెట్టెలు తానే తీసుకున్నానని కూడా చెప్పేసింది. వాడు కనురెప్ప వేయకుండా విన్నాడు. అంతా అయినాక చీర కట్టుకొని పోయి పడుకున్నాడు. వాన కరువైన ప్రతి ఏడూ వచ్చేవాడు. ఆ మాటలన్నీ కలిపి ఇంకొక సినిమా చేస్తున్నాడు. వాడు కుర్చీలో పోయేటప్పుడు ఎదుట ఆడుతున్నది అదే. మా ఊరివాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెబుతున్నారట. వాడు పోయినా వాళ్లు చెబుతూనే ఉన్నారట.

కొన్నేళ్లు వాన వచ్చింది. కొన్నేళ్లు రాలేదు. రానప్పుడు తప్పు వాడిదే. "గుంతలో కదిలినాడప్పా, నేను కండ్లారా చూసినా. శవం కదిల్తే వాన యాడొస్తాది?" అనేవాడు ఓబన్న. కళ్యాణదుర్గం హాల్లో నవ్వినవాడు గుర్తొచ్చేవాడు నాకు. మనిషి బతికి ఉండటమే తప్పుగా పట్టుకునేవాళ్లు అన్నిచోట్లా ఉన్నారు.

ఒకసారి నన్ను బెంగళూరు తీసుకుపోయాడు. చల్లని హాలు, మెత్తని కుర్చీలు. సినిమా అయినాక అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మంచి చీర కట్టుకున్న ఒకామె కళ్లు తుడుచుకుంటూ లేచి, మీ సినిమా చూసి మీ ఊరివాళ్లు మారారా అని అడిగింది. వాడు మైకు దగ్గరికి లాక్కొని, "మారారండి. ఇప్పుడు పిలిస్తే టైముకొస్తున్నారు" అన్నాడు. హాలంతా నవ్వింది. వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. దిగివచ్చి నా పక్కన కూర్చొని, సంచిలోంచి శనక్కాయలు తీసి నా చేతిలో పోశాడు.

"ఎందుకురా తీసేది, ఎవురూ మారకపోతే?" అని అడిగాను, తిరిగొచ్చేటప్పుడు బస్సులో.

"మా యమ్మను తవ్వినప్పుడు చెట్టుమీది నుంచి నేనొక్కణ్నే చూసినా మామా. ఇప్పుడు చానామంది చూస్తాండారు. అంతే."

వాడి బతుకు మొత్తంలో నాకు అర్థమైన మాట అది.

ఇక వాణ్ని తెచ్చిన రోజు. వ్యాను చేని దగ్గర ఆగింది. ఊరంతా అప్పటికే అక్కడ ఉంది. గట్టుకు ఆనించి తుమ్మకట్టెలు పేర్చి పెట్టారు. మనిషి కాలడానికి ఎంత కావాలో అంత. నేను తెల్లవారుజామునుంచే గడ్డపార పట్టుకొని గుంతను లోతు చేసి, ఒడ్డునే కూర్చొని ఉన్నాను. ఎన్నోసార్లు తవ్విన గుంత కాబట్టి మన్ను మెత్తగానే ఉంది.

"లేయప్పా" అన్నాడు ఓబన్న. "నువ్వు ముసలోనివి. నిన్ను లాగి పారేసేది మాకు పెద్ద పని కాదు. ఊరి నోట్లో మన్ను కొట్టొద్దు."

"మన్ను కొట్టేది వాని మీదే. మీరు తప్పుకోండి."

కుర్రవాళ్లు నా రెక్కలు పట్టుకున్నారు. నేను గడ్డపార వదల్లేదు. అంతలో సాయిబు వ్యాను దిగాడు. తనను పూడ్చేది తీయమని మా మేనల్లుడు సాయిబు దగ్గర ఎప్పుడో మాట తీసుకున్నాడట. సాయిబు కళ్లు తుడుచుకుంటూనే మూడుకాళ్ల స్టాండు దించి, ఎప్పుడూ పెట్టే చోటనే పెట్టి, దానిమీద కెమెరా బిగించాడు.

నా రెక్కలు పట్టుకున్న చేతులు వదులయ్యాయి. ఒకడు చొక్కా సర్దుకున్నాడు. ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే జరిగి తంగేడు చెట్టు దగ్గర నిలబడ్డారు. బీడీవాడు బండ మీదికి పోయి కూర్చున్నాడు. ఓబన్న భుజం మీది ఎర్రంచు తువ్వాల తీసి తలకు చుట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనుకొని చేసింది కాదు. కాళ్లకూ చేతులకూ అలవాటైపోయింది. నేను చూశాను. గొర్రెలు కాసినవాడికి, మంద ఎప్పుడు తిరుగుతుందో తెలుస్తుంది.

"ఓబన్నా, షూటింగ్ యాడ మొదలయితాది?" అన్నాను.

"గుంతలో పండుకొనేకాడ."

"మరి పండుకోనీ ముందు."

ఓబన్న నుదురు చిట్లించాడు. "తర్వాత ఎత్తి కాల్చాల గదా?"

"ఎప్పుడు ఎత్తుతారు? వానలు రాకపోతే గదా ఎత్తేది? నా చెల్లెల్ను గూడా వానలు పోయినాకనే ఎత్తినారు. ముందే ఎత్తేది యాడన్నా ఉండాదా? ఇది ముంగారు గూడా కాకపోయె."

ఆచారం ప్రకారం నా మాట నిజం. ముంగారు, అంటే తొలకరి వానల కాలం, ఇంకా మొదలే కాలేదు. ఓబన్న మనుషులవైపు చూశాడు, కెమెరావైపు చూశాడు.

"సరే. ముంగారు వానలదాకా చూస్తాం. రాకపోతే మాత్రం నువ్వు అడ్డం రావొద్దు."

"బతికుంటే వస్తా."

వాళ్లే దించారు. తొందరపడకుండా, చూసుకుంటూ దించారు. అంత బాగా చేయడం వాడే నేర్పాడు వాళ్లకు. మన్ను తోశారు. తోసి, ఎవరి చోట్లలో వాళ్లు నిలబడ్డారు. ఎవరూ కదలలేదు. ఎండ మాడుస్తున్నా కదలలేదు. ఎందుకా అని చూస్తే, అందరి చూపూ గుంతమీదే ఉంది. "కట్" అనేవాడు అందులో ఉన్నాడు. సాయిబు నోరు తెరవలేకపోతున్నాడు. చివరికి నేనే అన్నాను. నా నోటికి అలవాటు లేని మాట, పొడిగా వచ్చింది.

అందరూ తువ్వాలలు దులుపుకొని కదిలారు. ఓబన్న పోతూ పోతూ నా దగ్గర ఆగాడు. మెచ్చుకోలుగానే అన్నాడు, మోసం లేదు వాడి గొంతులో.

"ఈసారి కదల్లేదప్పా. బాగా పండుకొన్నాడు."

తుమ్మకట్టెలను ఎవరూ తీసుకుపోలేదు. గట్టుకు ఆనించి అట్లాగే ఉన్నాయి. వాన వెనకబడితే వెతుక్కునే పని లేకుండా.

వాడి గ్లాసు సాయిబు అడిగి తీసుకుపోయాడు. గొడుగు నా దగ్గర ఉంది. ఇప్పుడు నేను మందను ఆ చేని చుట్టూనే మేపుతున్నాను, అక్కడ గడ్డిపోచ లేకపోయినా. ఎన్నడూ వాన కోసం మొక్కినవాణ్ని కాదు నేను. కరువొస్తే మంద తోలుకొని పోయేవాణ్ని, దేవుణ్ని అడిగేవాణ్ని కాదు. ఈ ఏడు మేతకు కాలవ కిందికి పోలేదు. పోయి వచ్చేసరికి ఏముంటుందో ఒకసారి చూశాను, చాలు.

ముంగారు కాలం వచ్చేసింది. ఇళ్లల్లో వేరుశనగ విత్తనం ఒలిచి పెట్టుకున్నారు. ఓబన్న రోజూ చేనికి వస్తాడు. వచ్చి గట్టెక్కి కంబదూరు దిక్కు చూస్తాడు. నేను గుంత పక్కన కూర్చొని అదే దిక్కు చూస్తాను. వాడికి చేను తడవాలి, నాకు గుంత తడవాలి.

నిన్న మధ్యాహ్నం ఆ దిక్కున ఒక మబ్బు లేచింది. పొద్దు మాటుపడింది. నేను గొడుగు తెరిచాను.

"ఎండ ల్యాదు గదప్పా, గొడుగు యాల?" అని ఓబన్న గట్టుమీది నుంచి కేకేశాడు.

"వానకు" అన్నాను.

ఇద్దరం తలలెత్తి చూశాం. మబ్బు ఇటు వస్తున్నదో, అటు పోతున్నదో తెలియడం లేదు. ఓబన్న భుజాన పార ఉంది.